చదవకుండ పెట్టిన సంతకం

జహీరాబాద్,
12 జులై 1981

పార్వతమ్మ వదినెకు శరణమ్మ దండాలు.

ముందుగాల ఖబర్ చెప్త, బాగోగులు ఎనక రాస్త. కోర్టు నా దిక్కే చెప్పింది వదినె. మొన్న సోమారం జడ్జి సాబు హుకుం చదివిండు. నీ తమ్ముడు చెన్నబసప్ప నెలనెలా నాకు డెబ్బై అయిదు, మహాదేవికి యాభై రూపాయలు ఇయ్యాలె. దీన్ని మనోవర్తి అంటరని మా వకీలు మదన్‌మోహన్ సాబు చెప్పిండు.

నీ తమ్ముడు నన్నూ రెండేండ్ల పిల్లనూ రాయికోడ్ల బండెక్కించి, జహీరాబాద్ బస్టాండు కాడ దించి పోయి మూడేండ్లు దాటింది. "నాలుగు దినాలు మీ అమ్మ తాన ఉండు, వచ్చి తీస్కపోత" అన్నడు. ఆ నాలుగు దినాలు ఇంక కాలే. బొంబాయి సడక్ పక్కన, లారీల మరమ్మతు షెడ్డు ఎనక ఒక్క అర్రల నేను, అమ్మ, పిల్ల ఉంటున్నం. అల్లం మండీల మట్టి దులిపే కూలికి పోతున్న. సాయంత్రం అయ్యేసరికి చేతులు మండి పిల్లకు బువ్వ కలపనీకె కూడ రాదు, చెంచాతోని పెడ్త.

బోనుల నిలవడి ఆయన ఏమన్నడో తెలుసా? "నాకు భూమి లేదు సాబ్. మా అమ్మ చేన్ల కూలి చేస్కుని బతుకుత" అన్నడు. ఆరెకరాల చెరుకు కొట్టి లారీలకెత్తే మనిషి! అల్లం పెట్టిన ఏడు బొంబాయి షావుకార్లు ఇంటికొచ్చి చాయ తాగి పోలేదా? ఆ చాయ కాసింది నేను. జడ్జి సాబు "నోటి మాట చెల్లదు, కాయితం ఉంటె చూపు" అన్నడు. ఎక్కడ్నుంచి తెస్తడు? ఆ భూమి ఇంక సచ్చిన మామ పేరు మీదనే ఉన్నది.

నీకు రాయొద్దని అమ్మ అన్నది. "ఆమె వాని అక్క, నీ అక్క గాదు" అన్నది. కని మహాదేవి పుట్టిన్నాడు మంత్రసాని వచ్చేదాక నా చెయ్యి పట్టుకుని కూసున్నది నువ్వే. నీకు గాక ఎవరికి రాయాలె?

గురులింగప్ప అన్నకు దండాలు. మీ దుకాణం మంచిగ నడుస్తున్నదనుకుంట.

నీ మరదలు
శరణమ్మ


తాండూరు,
2 ఆగస్టు 1981

శరణమ్మకు వదినె ఆశీర్వాదం.

నీ జాబు ముట్టింది. దుకాణంల ఉప్పు బస్తా మీద కూసోని చదివిన. సంతోషమని రాయాల్నా, సిగ్గని రాయాల్నా తెలుస్తలేదు. తాతల నాటి సంది మా ఇంట్ల కోర్టు మెట్లెక్కినోళ్లు లేరు. కడుపు చించుకుంటె మన కాళ్ల మీదనే పడుతది. నాకు ఒక్క ముక్క రాస్తె నేనొచ్చి వాని చెవు పిండకపోదునా?

చెన్నబసప్ప పోయిన ఆదివారం ఇక్కడికొచ్చిండు. మనిషి సగమయిండు. మీ అన్న ముంగట కూసోని ఏడ్చిండు. "దాన్ని నేను ఎళ్లగొట్టలే అక్కా, అదే పోయింది" అంటడు. ఇంట్ల తెచ్చి పెట్టుకున్నడని ఊరంత అంటున్న ఆ బీదరామె సంగతి అడిగిన. అమ్మకు మోకాళ్ల నొప్పులట, వంటకు పెట్టుకున్న మనిషట. లోకం నోరు ఊకుంటదా, ఏదో ఒకటి అంటది. నువ్వు అన్నీ నమ్ముతవ్.

ఈ ఏడు అల్లం విత్తనానికి సొసైటీల లోను తీస్కుంటున్నడట. భూమి నాయన పేరు మీద ఉన్నది గదా, వారసులందరి సంతకాలు కావాలన్నరట. నేను పెట్టిన. పంట చేతికొస్తె మనసు కూడ చల్లవడుతది. అప్పుడు నేనే నిన్ను తోల్కపోయి ఇంట్ల దించుత. కోర్టు ఇచ్చిన పైసలతోని కడుపు నిండుతది గని కాపురం నిండదు. జర సబర్ పట్టు.

ఇక్కడ వానలే వానలు. దుకాణం కప్పు కారి రెండు బెల్లం దిమ్మెలు కరిగినయి. మీ అన్న ఆ కోపం నా మీద తీసిండు.

నీ వదినె
పార్వతమ్మ


జహీరాబాద్,
20 నవంబర్ 1981

పార్వతమ్మ గారికి,

మీరు అని రాస్తున్న. ఇన్నేండ్లు నువ్వు అని పిలిచినందుకు మాఫ్ చెయ్యున్రి.

మీ తమ్ముడు పైకోర్టుకు పోయిండు. మా వకీలు దాన్ని రివిజన్ అంటడు, నేను అపీలనే అంట. మొన్న జిల్లా కోర్టుల పేషీ ఉంటె పోయిన. పొద్దుగాల బస్సుకు పోయి, పిల్లను ఒళ్లె పెట్టుకుని వరండల పగటాల దాక కూసున్న. పిలిచిన్రు. లోపలికి పోయి నిలవడ్డ. నేను చెప్పాల్సింది బస్సుల పొడుగునా మనసుల అనుకుంట పోయిన. అక్కడ నన్ను ఎవ్వరూ ఒక్క మాట అడుగలే. ఇద్దరు వకీళ్లు లేచి మాట్లాడిన్రు, జడ్జి సాబు కాయితాలు తిప్పిండు, ఇంకో తారీఖు ఇచ్చిండు, అయిపాయె. బయటికొచ్చి "నన్ను అడుగరా సాబ్?" అంటె మా వకీలు చెప్పిండు: "ఇది పైకోర్టు శరణమ్మా. ఇక్కడ మనుషులను అడుగరు. కింద కోర్టు రాసింది సక్కగుందా లేదా అని కాయితాలు చూస్తరు, అంతే."

ఆ కాయితాలల్ల ఒక కొత్త కాయితం ఉన్నది. మీ తమ్ముని వకీలు పెట్టింది. అయిదేండ్ల కిందనే మీరు, మీ తమ్ముడు భూమి మొత్తం మీ అమ్మకు రాసిచ్చినట్టు ఉన్నది. మీ తమ్ముడు ఉత్త కూలోడు అని ఉన్నది. కింద మీ సంతకం. గుండ్రంగ, మంచిగ, ఏడో తరగతి చదివిన సంతకం. మా వకీలు నా చేతుల పెట్టి "ఇది నీ ఆడిబిడ్డదేనా?" అంటె "అవు సాబ్" అన్న. ఇంకేమనాలె?

తీర్పు అయ్యేదాక పైసా ఇయ్యక్కరలేదని స్టే ఇచ్చిన్రు. 

సొసైటీ లోను అని నాకు ముందుగాలనే రాసి పెట్టిన్రు గదా, దొరికితె తప్పించుకోనీకె. సబర్ పట్టుమని కూడ రాసిన్రు. నేను సబర్ పట్టిన, మీరు కలం పట్టిన్రు. మీరు తమ్ముని దిక్కు ఉంటానంటె నేను కోపానికి రాకపోదును. అక్క గదా, ఉంటరు. కని చెప్పి ఉండాలె. ఒక దిక్కు నాకు ఆశీర్వాదం రాసుకుంట ఇంకో దిక్కు నా పిల్ల బువ్వల మన్ను కొడ్తరా?

శరణమ్మ


తాండూరు,
1 డిసెంబర్ 1981

శరణమ్మా,

నీ మీరు గీరు నీ తాననే పెట్టుకో. నన్ను తిట్టాలంటె నువ్వు అనే తిట్టు.

ఏం కాయితం? ఏం అయిదేండ్లు? నేను సంతకం పెట్టింది మొన్న వానకాలంల, మా దుకాణం గల్లాపెట్టె మీద పెట్టి. చెన్నబసప్ప సొసైటీ లోను అన్నడు, పెట్టిన. అంతకు మించి నాకేం తెల్వదు. కోర్టుల ఉన్నది వేరే కాయితమై ఉంటది. లేకుంటె నీ వకీలు నిన్ను రెచ్చగొడ్తున్నడు. ఫీజు నడువాలె గదా.

ముందుగాలనే రాసి పెట్టుకున్ననా నేను? ఉప్పు, చింతపండు తూకమేస్కుంట బతికేదాన్ని, నాకు అంత తెలివి ఉంటె మీ అన్న దుకాణం ఇట్ల ఎందుకుంటది?

నువ్వు నన్ను దొంగను చేసినవ్ గని నీ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలే. పోయిన సంగమేశ్వరుని జాతరకు మా అమ్మ ఝరాసంగం వచ్చింది, నేనూ వచ్చిన. మహాదేవి కోసమని వెండి గొలుసులు అమ్మ చేతికిచ్చిన, నీకు ముట్టజెప్పుమని. దుకాణంల తెలువకుండ దాచిన పైసలతోని కొన్న. పిల్ల కాళ్లకు ఏసుకుంది గదా? మంచిగున్నయి అనో, బాగలేవు అనో ఒక్క ముక్క రాసినవా? లేదు. నేను అడుగలే. మేనత్త ఇచ్చింది, తీస్కున్నరు, అంతే అనుకున్న. ఇప్పుడు నా మీద పిల్ల బువ్వల మన్ను కొట్టిన పేరు పెడ్తున్నవ్.

మీ అన్న నీ జాబు చదివిండు. "వాళ్లూ వాళ్లూ కొట్టుకోనీ, నువ్వు నడుమ పోకు" అన్నడు. నేనూ అదే అనుకున్న. ఇగ రాయకు.

పార్వతమ్మ


జహీరాబాద్,
14 మార్చి 1982

పార్వతమ్మ గారికి,

రాయకన్నరు, రాస్తున్న. తీర్పు అయింది గనుక రాస్తున్న.

అపీలు గెలువలేదు, ఓడలేదు. మళ్ల మొదటికి పంపిన్రు. "ఈ భూమి కాయితం కింద కోర్టు చూడలేదు. అది నిజమా అబద్ధమా కింద కోర్టే సాక్షులను పిలిచి తేల్చి, మళ్ల హుకుం రాయాలె" అని పైకోర్టు జడ్జి సాబు రాసిండట. అంటె నాకు వచ్చిన హుకుం రద్దు. ఎనిమిది నెలలు నేను తిరిగింది, పిల్ల బస్సుల కక్కుకున్నది, అమ్మ చెవుల కమ్మలు అమ్మింది, అన్నీ మళ్ల మొదటికి. మా వకీలు "ఇది మంచిదే, ఇప్పుడు మనుషులను అడుగుతరు" అంటడు. ఏం మంచిదో నాకైతె తెల్వదు.

కోర్టుల ఉన్నది వేరే కాయితం అన్నరు గదా. నకలు తీపిచ్చిన. ఇగో, అక్షరం పొల్లు పోకుండ రాస్తున్న, చదువుకోన్రి:

"తాండూరు నివాసి గురులింగప్ప భార్య పార్వతమ్మయు, రాయికోడ్ నివాసి చెన్నబసప్పయు, మా తండ్రిగారి ఆరు ఎకరముల భూమిలో మాకు గల సమస్త హక్కులను మా తల్లి బస్వమ్మ పేర ఈ దినము వదులుకొనుచున్నాము. చెన్నబసప్ప ఇకమీదట సదరు భూమిలో కూలి నిమిత్తము మాత్రమే పని చేయుచుండును. తేది 2 ఏప్రిల్ 1976."

ఇగ వెండి గొలుసుల సంగతి. ఏ గొలుసులు? మీ అమ్మ ఈ మూడేండ్లల మా గుమ్మం తొక్కలే. మహాదేవి కాళ్లకు నల్లదారం తప్ప ఏం లేదు. వచ్చి చూడున్రి. ఇచ్చినమని చెప్పుకోనీకె ఇయ్యనియి రాస్తరా? నాకు గొలుసులు వద్దు, ఏం వద్దు. మీరు పెద్ద మనసు చూపెట్టనీకె నా పిల్ల కాళ్లు వాడుకోకున్రి.

మీకు సమన్లు పంపుదామని మా వకీలు అన్నడు. నేను వద్దన్న. తమ్ముని కోసం అబద్ధం రాసిన చెయ్యి నా కోసం నిజం చెప్తదా?

శరణమ్మ


తాండూరు,
5 మే 1982

శరణమ్మా,

నేను నీకు పెద్దదాన్ని. అయినా ముందుగాల మాఫీ అడుగుతున్న. అడిగినంక నా కోపం కూడ రాస్త, చదువు.

నీ పోయిన జాబు వచ్చినప్పుడు సగం చదివి, గొలుసుల మాట కాడ మంటెక్కి, చింతపండు బుట్ట ఎనక పారేసిన. కాయితం నకలు రాసినవ్ గదా, అది కండ్లతోని దాటేసిన, చదవలే. అదీ చదవలే.

పోయిన వారం అమ్మకు ఆయాసం ఎక్కువైందంటె రాయికోడ్ పోయిన. వాకిట్ల ఏడాది పిల్లగాడు పాకుతున్నడు. కాళ్లకు నేను కొన్న గొలుసులు. నేను తాండూరు సరాఫ్ తాన చిన్న మువ్వ ఏపిచ్చిన, ఆ మువ్వ కూడ ఉన్నది. "ఎవని పిల్లగాడమ్మా?" అని అడిగిన. అమ్మ మొకం తిప్పుకున్నది. లోపల్నుంచి ఆ బీదరామె వచ్చి పిల్లగాన్ని ఎత్తుకున్నది. మెడల తాళి ఉన్నది శరణమ్మా. వంట మనిషి మెడల నా తమ్ముడు కట్టిన తాళి!

చెన్నబసప్ప చేన్ల కెల్లి రాంగనే అడిగిన. "లోను అని చెప్పి నాతోని ఏం రాపిచ్చినవ్‌రా?" నవ్విండు. నేను ఎత్తుకుని తిరిగిన పోరడు నా మొకం మీద నవ్విండు. "ఏదైతేంది అక్కా, సంతకమైతె నీదే గదా. ఇప్పుడు కాదన్నవంటె దొంగ కాయితం మీద సంతకం పెట్టినవని నిన్నే జైల్ల ఏస్తరు. మూస్కొని కూసో" అన్నడు. అమ్మ వింటున్నది. నేను నీళ్లు కూడ తాగకుండ వచ్చిన.

ఇంటికొచ్చినంక బుట్ట ఎనక కెల్లి నీ జాబు తీసి అప్పుడు చదివిన. తాండూరు నివాసి పార్వతమ్మ! 1976! శరణమ్మా, డెబ్బై ఆరుల మేం వికారాబాద్ల ఉన్నం. తాండూరు వచ్చింది డెబ్బై తొమ్మిది దీపావళికి. దుకాణం లైసెన్సు మీద తారీఖు ఉన్నది. పాత స్టాంపు కాయితం ఎక్కడ్నో సంపాదించిండు గని, రాసెటోనికి నేనెప్పుడు ఎక్కడున్ననో తెల్వదు. ఇప్పటి ఊరు రాసిండు.

ఈ ముక్క నీ వకీలుకు చెప్పు. సమన్లు పంపుమను. మీ అన్న వద్దంటున్నడు. "పుట్టిల్లు పోతది, పోలీసోళ్లు మన దుకాణానికి వస్తరు" అని వారం దినాల సంది నాతోని మాట్లాడ్తలేడు. నాకూ భయమే. కని నా తమ్ముడు నవ్విన నవ్వు యాదికొస్తె భయం పోయి ఇంకోటి వస్తున్నది.

వదినె


జహీరాబాద్,
17 మే 1982

వదినె,

మదన్‌మోహన్ సాబుకు చూపెట్టిన. రెండు సార్లు చదివి, "ఈ ఒక్క ఊరి పేరు చాలు" అన్నడు. జైలు మాట అడిగిన. మోసపోయి పెట్టిన సంతకానికి నీకేం కాదు, వచ్చి ఉన్నదున్నట్టు చెప్తె చాలన్నడు. సమన్లు వస్తయి. లైసెన్సు తెమ్మన్నడు, అసలుది.

గొలుసుల గురించి అన్న మాటలు అనకపోదును. కని సంతకం గురించి అన్నది ఎనకకు తీస్కోను వదినె. నువ్వు చదివి ఉంటె మూడేండ్లకు వచ్చిన బువ్వ మళ్ల పోకపోవు. నా తమ్ముడే గదా అనుకున్నవ్. ఆయన నా మొగడే గదా అని నేనూ బండెక్కిన. ఇద్దరం చదువుకున్నోళ్లమే.

మహాదేవికి పోయిన వారం తట్టు పోసింది. ఇప్పుడు మంచిగుంది, ఫికర్ చెయ్యకు.

శరణమ్మ


తాండూరు,
10 అక్టోబర్ 1982

శరణమ్మకు,

కోర్టుల నా సాక్ష్యం అయినంక నీతోని మాట్లాడకుండ బస్సెక్కిన్నని కోపంతోని ఉన్నవని తెలుసు. అందుకే రాస్తున్న. నువ్వు గుమ్మం కాడ పిల్లతోని నిలవడ్డవ్, లోపలి మాటలు నీకు వినవడ్డయో లేదో.

తమ్ముని వకీలు మర్యాదగనే మొదలువెట్టిండు.

"ఎంత చదివినవమ్మా?"

"ఏడో తరగతి."

"ఏడు చదివినామెవు. దుకాణంల పద్దులు రాస్తవు. చదవకుండ సంతకం పెట్టినవంటె నమ్మాల్నా?"

చదివిన్నంటె కాయితం నిజమవుతది. చదవలే అంటె అంతమంది ముంగట నాకు తెలివి లేనట్టు. చెన్నబసప్ప నన్నే చూస్తున్నడు, చిన్నప్పుడు బడిల నాతోని లెక్కలు చేపిచ్చుకున్నప్పుడు చూసినట్టు. 

"చదవలే సాబ్. తమ్ముడు తెచ్చిండని చదవలే" అన్న.

"మరదలు మీద ప్రేమతోని తమ్ముని మీద అబద్ధం చెప్తున్నవ్."

"మరదలు నన్ను ఏడాది సంది తిట్టుకుంటనే ఉన్నది. జాబులు కూడ ఉన్నయి, చూస్తరా?" అన్న. నీ వకీలు నవ్వు ఆపుకున్నడు.

అప్పుడు జడ్జి సాబే అడిగిండు. "ఆరేండ్ల కింద మీరు ఎక్కడ ఉంటుంటిరి?" వికారాబాద్ల అన్న. లైసెన్సు ఇచ్చిన. సాబు లైసెన్సు చూసిండు, ఆ కాయితం చూసిండు, మళ్ల లైసెన్సు చూసిండు. చెన్నబసప్ప దిక్కు తిరిగి "ఈమె రాని ఊరికి ముందుగాలనే నివాసి ఎట్లయింది?" అని అడిగిండు. వాడు అమ్మ దిక్కు చూసిండు. అమ్మ నేల చూసింది.

ఆ లైసెన్సు నేను తేలే శరణమ్మా. అడిగితె మీ అన్న ఇయ్యడని ఉత్త చేతులతోనే బయలుదేరిన. బస్టాండు కాడ సంచిల చెయ్యి పెడ్తె గుడ్డల చుట్టి ఉన్నది. గోడకు మేకుకు ఉండేది, తీసి, దుమ్ము తుడిచి పెట్టిండు. మాట మాత్రం అప్పటికీ మాట్లాడలే.

బయటికొచ్చినంక చెన్నబసప్ప దగ్గరికొచ్చిండు. "నాకు అక్క సచ్చింది. రాయికోడ్ దిక్కు వస్తె కాళ్లు ఇరగ్గొడ్త" అన్నడు. పక్కన అమ్మ ఉన్నది. నేను అమ్మ చెయ్యి పట్టుకోవోతె ఆమె చెయ్యి కొంగుల దాసుకుంది. ఇగ అక్కడ నిలవడలేక బస్సెక్కిన. నీతోని మాట్లాడితె ఏడుస్తననుకున్న. వాని ముంగట ఏడువొద్దనుకున్న.

పిల్ల పొడుగైంది. నన్ను గుర్తువట్టలే.

వదినె


జహీరాబాద్,
22 నవంబర్ 1983

వదినె,

గెలిచినమని పోయిన ఫిబ్రవరిల రాసిన గదా. కింద కోర్టు ఆ కాయితం చెల్లదన్నది, నా హుకుం నాకు మళ్ల ఇచ్చింది. ఆయన మళ్ల పైకి పోయిండు. నిన్న దాని తీర్పు వచ్చింది. చదువు, చదివి నాతోని పాటు నువ్వు కూడ తిట్టు.

భూమి ఆయనదే అన్నరు. పిల్ల యాభై అట్లనే ఉంచిన్రు. నా డెబ్బై అయిదు నలభై చేసిన్రు. ఎందుకంటె నేను అల్లం మండీల కూలి చేస్తున్న గదా, సంపాదన ఉన్నదట!

మా వకీలు మెల్లగ చెప్తున్నడు, నాకు చెవుల హోరు తప్ప ఏం వినవడలే. ఎందుకు చేసిన కూలి? ఆయన ఇయ్యకపోతె చేసిన. ఆయన ఒక అపీలు, ఇంకో అపీలు అని రెండేండ్లు లాగుతుంటె పిల్ల ఉపాసం ఉండొద్దని చేసిన. నేను చేతులు ముడుచుకుని కూసుంటె, పిల్లను సడక్ మీద అడుక్కోనీకె కూసోవెట్టి ఉంటె, నిండుగ డెబ్బై అయిదు ఇచ్చెటోళ్లన్నట్టు. ఒక్క సారి నన్ను పిలిచి "చేతులు చూపమ్మా" అంటె చూపెడ్దును. చేతి ఏళ్ల సందుల తోలు లేదు. అడుగరు. కాయితాల మీద కూలి అని ఉన్నది, తోలు పోయిందని లేదు.

ఇంకా పైన హైదరాబాద్ల పెద్దకోర్టు ఉన్నది, పోదామా అని మా వకీలు అడిగిండు. ఫీజు వద్దన్నడు. మంచి మనిషి. ఆలోచించి చెప్తనన్న. ముప్పై అయిదు రూపాయల కోసం గాదు, ఆ రాత కోసం పోవాలనున్నది. కని ఇంకో రెండేండ్లు ఆయన దాన్నే సాకు చేసి ఇది కూడ ఇయ్యడు. అదే ఆలోచన.

శరణమ్మ


తాండూరు,
19 జనవరి 1984

శరణమ్మా,

అమ్మ పోయింది. పోయి ఎనిమిది దినాలైంది. నాకు నిన్న తెలిసింది. రాయికోడ్ కెల్లి కందులు తెచ్చిన బేరగాడు చంద్రప్ప దుకాణంల నిలవడి, "మట్టి పెట్టినప్పుడు మీరు కనవడలేదేందమ్మా" అన్నడు. నేను తక్కెడ పట్టుకుని ఉన్న. గింజలన్నీ కింద పోసిన.

తమ్ముడు కావాలనే చెప్పలే. కోర్టుల నిజం చెప్పినందుకు నాకు ఏసిన శిక్ష ఇది. దీని మీద ఏ కోర్టుకు పోవాలె శరణమ్మా, ఎవరికి అపీలు చెయ్యాలె?

మీ అన్న నిన్నటి సంది దుకాణం బంద్ చేసి నా పక్కన కూసున్నడు. నువ్వు హైదరాబాద్‌కు పోకు. నా మాట విను. ఉన్నది ముక్కు పిండి వసూలు చెయ్యి. వాన్ని వదలకు.

వదినె


జహీరాబాద్,
8 ఏప్రిల్ 1984

వదినె,

అత్త గురించి చదివి నాకు ఏడ్పు వచ్చింది. ఎందుకొచ్చిందో నాకే తెల్వదు. నన్ను బండెక్కించిన్నాడు గుమ్మం కాడ నిలవడి చూసింది, వద్దని ఒక్క మాట అనలే. అయినా వచ్చింది. నీ తల్లి అని వచ్చిందేమో.

హైదరాబాద్‌కు పోలే. నీ మాట విన్న. వసూలుకు వారంటు తీపిచ్చిన. నిన్న నీ తమ్మున్ని కోర్టుకు తెచ్చిన్రు. కట్టకుంటె జైలే అంటె, ఇన్ని దినాలు లేని పైసలు ఒక్క పూటల వచ్చినయి. బాకీలో సగం కట్టిండు. మిగిలింది వాయిదాలు.

కట్టినంక నా దగ్గరికొచ్చిండు. చేతుల ఒక కాయితం. మూడు వేలు ఒక్కసారి ఇస్తడట, ఇగ కోర్టు, పేషీ ఏం వద్దట, రాజీ. "మంచి మాట చెప్తున్న, సంతకం పెట్టు, ఇంటికి పో" అన్నడు. వకీలు సాబు చదువుతనని చెయ్యి చాపిండు. నేనే వద్దన్న. మహాదేవిని పిలిచిన. మూడో తరగతి గదా, తెలుగు మంచిగ చదువుతది.

"గట్టిగ చదువు బిడ్డా" అన్న.

"పిల్లతోని చదివించుడేంది?" అని నీ తమ్ముడు కాయితం గుంజవోయిండు.

"చదవనీ. రాసింది ఆమె బువ్వ గురించే" అన్న.

కోర్టు వాకిట్ల, ఎండల, కూడబలుక్కుంట చదివింది. పేషీకొచ్చినోళ్లందరు మెల్లమెల్లగ చుట్టూ వచ్చి నిలవడ్డరు. మనోవర్తి అనే కాడ రెండు సార్లు ఆగింది, మళ్ల చదివింది. "సదరు మైనరు బాలిక మహాదేవికి ఇకమీదట తండ్రి నుండి పోషణ గాని, ఆస్తిలో భాగము గాని అడుగుటకు ఎట్టి హక్కు..." అక్కడ ఆగి నా మొకం చూసింది.

"అమ్మా, ఇందుల నా పేరున్నది."

"ఉన్నది బిడ్డా. అందుకే నిన్ను చదువుమన్న. ఆపకు."

చివరి దాక చదివింది, తారీఖుతోని సహా. నీ తమ్ముడు మాత్రం అప్పటికే సడక్ దిక్కు తిరిగి నిలవడ్డడు. కాయితం ఆయన చేతికి ఇయ్యమన్న, ఇచ్చింది. నేను సంతకం పెట్టలే.

ఎండకాలం సెలవులల్ల మహాదేవిని నీ తాన పది దినాలు ఉంచుత. మేనత్తను గుర్తువట్టాలె గదా. గురులింగప్ప అన్న పద్దులు కూడ నేర్పిస్తె మంచిది.

నా కోపం తగ్గిందా అని అడుగుతవేమో, తగ్గలే. తగ్గితె ఆ మిగిలిన సగానికి వచ్చే నెల పేషీకి ఎవరు పోవాలె?

శరణమ్మ